తెల్లగుడ్డకంటిన ఎరుపు

మా చుట్టాల్లో ఎవరైనా ముందూ వెనకా చూసుకోకుండా ఏదైనా కొని బోల్తా పడితే 'తివాచీ కొన్నాడు' అంటారు. ఒకాయన కొన్న సెకండ్‌హ్యాండ్ కారు నెలలో సగం రోజులు గ్యారేజీలోనే ఉంటుంది, అదొక తివాచీ. ఒకావిడ ఆన్‌లైన్లో పట్టుచీర తెప్పించుకుంటే నైలాన్ చీర వచ్చింది, అదీ తివాచీయే. పెళ్ళిళ్ళలో ఈ మాట వినపడగానే అందరూ ఘొల్లున నవ్వుతారు. కొత్తగా వచ్చిన అల్లుళ్ళూ కోడళ్ళూ అర్థంకాక దిక్కులు చూస్తుంటే, మా మామయ్య గొంతు సవరించుకుని కథ మొదటినుంచీ చెప్తాడు. ఆ కథలో మోసపోయిన మనిషి మా అమ్మ. ఆవిడ అక్కడే, అదే వరసలో కూర్చుని వింటూ ఉంటుంది.

కథ పెద్దదేం కాదు. నేను స్కూల్లో చదివే రోజుల్లో అమ్మ నాంపల్లి వైపు ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసేది. ఆఫీసు వెనక వీధిలో ఒక ఇరానీ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి తమ దేశం వెళ్ళిపోతూ సామాన్లు అమ్మేస్తోందని ఎవరో చెప్పారు. స్టీలు డబ్బాలేమైనా దొరుకుతాయేమోనని భోజనాల వేళ వెళ్ళిన మనిషి, సాయంత్రం ఆటోలో రెండువైపులా బయటికి పొడుచుకొచ్చిన తివాచీ చుట్టను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని దిగింది. విప్పితే ముదురెరుపు అంచు, మధ్యలో నీలం, అంచు పొడుగునా మీగడరంగు పూలు. రెండు నెలల జీతం పోసిందట. నాన్ననడగలేదు, తాతయ్యనడగలేదు. ఆవిడ జీవితంలో ఎవర్నీ అడక్కుండా కొన్న వస్తువు అదొక్కటే.

మామయ్య అమ్మకి సొంత తమ్ముడు. ఆ ఆదివారం వచ్చి తివాచీ చుట్టూ ఒకసారి తిరిగి, మధ్యలో ఆగి, "అక్కయ్యా, ఈ నీలం చూడు, సగం దాకా ఒక రంగు, అక్కణ్ణుంచి ఇంకో రంగు. డిఫెక్ట్ పీసు అంటగట్టారే నీకు!" అన్నాడు. నిజంగానే నీలం మధ్యలో ఒక గీత గీసినట్టు మారిపోయి, పైసగం కాస్త పాలిపోయి ఉంటుంది. ఇక అంతే. ఇరానూ లేదు గిరానూ లేదు, ఏ మిల్లులోనో అచ్చు గుద్దిన సరుకు అని అందరూ కలిసి తీర్మానించేశారు. అమ్మ లేచి కాఫీలు కలపడానికి వెళ్ళింది.

ఆ తీర్పు తివాచీ దగ్గరే ఆగిపోయి ఉంటే నేనిది రాసేదాన్ని కాదు. ఆ తర్వాత కొన్నేళ్ళకి అమ్మ, శేరిలింగంపల్లిలో బండల మధ్య రెండొందల గజాలు తీసుకుందామంది. "ఇంకో తివాచీనా?" అన్నాడు నాన్న. ఆ బండల చోట ఇప్పుడు ఎన్ని అంతస్తులు లేచాయో ఈ ఊళ్ళో ఎవర్ని అడిగినా చెప్తారు. నేనూ తక్కువ తినలేదు. నా పెళ్ళికి ముందు ఒక సంబంధం వస్తే, "ఆ అబ్బాయి మాటతీరు నాకెందుకో నచ్చలేదే" అందావిడ. "అమ్మా, తివాచీ!" అని పకపకా నవ్వాను. ఆ అబ్బాయి సంగతి తర్వాత ఏమైందో ఇక్కడ అనవసరం గానీ, నచ్చకపోవడంలో తప్పు లేదని తేలింది. ఇలా అనీ అనీ, చివరికి ఆవిడే ఆ మాట ఎత్తుకుంది. ఏదడిగినా, "మీ ఇష్టం. తివాచీ కొన్నదాన్ని, నన్నడుగుతారేంటి?" అనేది. నవ్వుతూనే అనేది. ఆ నవ్వు చూసి ఆవిడకీ సరదాగానే ఉందనుకున్నాం, సిగ్గులేకుండా.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరికొచ్చేసింది. బాచుపల్లిలో అద్దె ఫ్లాట్. తివాచీ కూడా వచ్చింది. మామూలు రోజుల్లో చుట్టి గోడకి ఆనించేది, శ్రావణ శుక్రవారాలకీ పేరంటాలకీ మాత్రం హాల్లో పరిచేది. ఈ ఏడాది మేము శేరిలింగంపల్లిలో సొంత ఫ్లాట్ కొనుక్కున్నాం. కార్తీకంలో గృహప్రవేశం. మా ఆయన ఆఫీసు పనిమీద రెండు నెలలుగా పుణేలో ఉన్నాడు కాబట్టి టైల్స్ దగ్గర్నుంచి స్విచ్చుల దాకా నా రాజ్యమే. హాలు గోడకి బూడిదరంగు నేనే ఎంచాను. షేడ్ కార్డు అమ్మ ముందు పెట్టి ఎలా ఉందంటే, దాన్ని చాలాసేపు చూసి, "మీ ఇష్టం" అంది. ఆవిడ అడిగింది మాత్రం ఒక్కటే, కొత్త హాల్లో తివాచీ వేద్దామా అని.

ఇంటీరియర్ డిజైనర్ అమ్మాయి దాన్ని చెప్పు కొసతో కాస్త కదిపి చూసి, "మెషీన్ కాపీలా ఉంది మేడమ్, ఈ స్టైల్ ఇప్పుడు ఎవరూ వెయ్యట్లేదు" అని ట్యాబ్‌లో వేరే బొమ్మలు చూపించడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం అమ్మ నా పక్కన కూర్చుంది. "ఒక పని చేసిపెట్టు. అది అసలుదో నకిలీదో తేల్పించు. నకిలీదైతే కింద వాచ్‌మన్ వాళ్ళకిచ్చేద్దాం, పిల్లలు పడుకుంటారు. గృహప్రవేశానికి చుట్టాలందరూ వస్తారు కదా, వాళ్ళ ముందు దాన్ని పరిచి ఇంకోసారి నవ్వించుకోలేను. నేను మోసపోయానా లేదా? నాకిప్పుడు తెలియాలి."

డెబ్బై రెండేళ్ళ మనిషి ఆ మాట నా కళ్ళలోకి చూస్తూ అడిగింది. చెప్పడానికి మొహమాటంగా ఉంది గానీ, నాకు పట్టలేనంత ఉత్సాహం పుట్టింది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. పదిహేడేళ్ళుగా రాయదుర్గంలో ఒక టవర్లో కూర్చుని, ఇతరులు కట్టినదాంట్లో తప్పులు పట్టి బతుకుతున్నదాన్ని. అలాంటి మనిషి ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా ఒక కేసు తేలకుండా పడి ఉంది, నేను ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు!

శనివారం పొద్దున్నే సోఫాలు గోడకి తోసేసి మొదలుపెట్టాను. ముందు రాత్రే ఫోన్లో దొరికినవన్నీ చదివి పుస్తకంలో రాసుకున్నాను. మొదటిది, వెనకవైపు చూడాలి. మిషను మీద నేసిన దానికి వెనక బొమ్మ మసకగా ఉంటుంది, లేదా జిగురు పూసి గోనెలాంటి గుడ్డ అంటించి ఉంటుంది. చేత్తో ముడివేసినదానికి వెనక కూడా ముందున్నంత స్పష్టంగా బొమ్మ కనపడాలి. తివాచీని బోర్లా తిప్పాను. ప్రతి పువ్వూ, ప్రతి ఆకూ ఉంది! భూతద్దం పెట్టి చూస్తే చిన్న చిన్న ముళ్ళు, ఒకటి లావు, ఒకటి సన్నం, ఒక వరస కాస్త పైకి, ఒకటి కిందికి. మిషనైతే అలా తడబడదు. నేను నేలమీద బోర్లా పడుకుని "అమ్మా!" అని అరిచాను. ఆవిడ వంటింట్లోంచి రాలేదు.

రెండోది కుచ్చులు. నకిలీదానికి కుచ్చులు విడిగా తెచ్చి చివర కుట్టేస్తారు. వీటిని వేలితో వెనక్కి పట్టుకుపోతే ఎక్కడా కుట్టు తగల్లేదు, అవి తిన్నగా తివాచీ ఒంట్లోకి వెళ్ళిపోయాయి. అవి తివాచీలో పొడుగునా నడిచే పడుగు పోగులే. మూడోది కొలత. టేపు పెడితే ఒకవైపు వెడల్పుకీ ఇంకోవైపు వెడల్పుకీ రెండువేళ్ళ తేడా ఉంది. ఆఫీసులో ఇలాంటి తేడా కనపడితే తప్పని టిక్కెట్టు రాసి ఎవరో ఒకరి మెడకి చుట్టేదాన్ని. ఇక్కడ ఆ తేడా చూసి చిందులేశాను. నాలుగోది, అంచు నుంచి ఊడొచ్చిన ఒక పోగు తీసి అగ్గిపుల్లతో అంటించాను. ప్లాస్టిక్ దారమైతే కరిగి నల్లగా ఉండ కడుతుంది. ఇది చుర్రుమని, వెంట్రుక కాలిన కంపు కొట్టి, వేళ్ళమధ్య బూడిదైపోయింది. అంటే ఉన్ని!

అమ్మ అప్పుడొచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏంటే ఆ కంపు?"

"నీ తివాచీ పాసైందమ్మా, నాలుగింట్లో నాలుగు!"

ఆవిడ మొహంలో ఏదో కదిలింది గానీ పైకి రానివ్వలేదు. "నువ్వంటే సరిపోదు. మీ మామయ్యని కూడా పిలువు. ఎవరైనా తెలిసినవాళ్ళచేత చెప్పించు" అంది. ఆవిడ చెప్పింది న్యాయమే. కోడ్ రాసినవాడే దాన్ని పరీక్ష చెయ్యకూడదని నేను జూనియర్లకి రోజూ చెప్తాను, అమ్మ తరఫున కూతురు ఇచ్చే సర్టిఫికెట్ ఎవరు నమ్ముతారు?

మామయ్య ఆదివారం వస్తూ వస్తూ ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. హైటెక్ సిటీ వైపు ఎగ్జిబిషన్లో తివాచీల స్టాల్ పెట్టినాయన దగ్గర సేల్స్ చూసే కుర్రాడట, మంచి షర్టు, చేతిలో బ్రోషర్లు. వెనక తిప్పి చూశాడు, కుచ్చులు లాగి చూశాడు, తల ఊపాడు. తర్వాత, "కలర్ టెస్ట్ చేద్దాం మేడమ్, అదే ఫైనల్. మంచి రంగైతే దిగదు" అన్నాడు. గోరువెచ్చటి నీళ్ళూ కాస్త బట్టల సబ్బుపొడీ అడిగి, తెల్ల చేతిగుడ్డ ముంచి, కుర్చీలకి దగ్గరగా ఉన్న అంచు మీద గట్టిగా రుద్దాడు. గుడ్డ పైకెత్తాడు.

ఎర్రగా ఉంది.

"రంగు దిగుతోంది సార్. కాపీయే. ఉన్ని మంచిదే, కానీ లోకల్ డై" అని మామయ్యతో చెప్పాడు. నాతో కాదు.

"నేను ముప్ఫై ఏళ్ళ కిందటే చెప్పానా లేదా?" అన్నాడు మామయ్య చప్పట్లు కొట్టి. తర్వాత అమ్మ వైపు చూసి కాస్త తగ్గాడు. "పోనీలే అక్కయ్యా, ఇన్నేళ్ళు వాడుకున్నావు కదా, ఎప్పుడో గిట్టుబాటైపోయింది."

అమ్మ గుడ్డ వైపు తిరగనైనా లేదు. మామయ్య మాట పూర్తికాకుండానే తన గదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి కాఫీలు పట్టుకొచ్చి అందరికీ ఇచ్చింది. మామయ్య వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. తలుపు వేసి, "సోమవారం వాచ్‌మన్‌ని రమ్మను" అంది. ఆ మాట అన్న తీరుకి నాకు ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది, ఆ కుర్రాడిమీదా మామయ్యమీదా కాదు, నామీదే. 'అమ్మా, తివాచీ!' అని నవ్విన నోరు నాదే కదా.

సోమవారం ఇంటినుంచే పని. పొద్దున మీటింగులో ఎవరో ఏదో మాట్లాడుతుంటే, కెమెరా ఆపేసి తివాచీ ముందు చతికిలపడ్డాను. నాలుగు పరీక్షలు పాసై అయిదోదాంట్లో ఫెయిలైతే ఒక టెస్టర్ ఏం చెయ్యాలి? ఆ అయిదోదాన్ని మళ్ళీ చేసి చూడాలి. అదే సబ్బునీళ్ళు, కొత్త తెల్లగుడ్డ. ఆ కుర్రాడు రుద్దిన అంచు పక్కనే రుద్దాను, ఎరుపు. బాగానే ఉంది. అవతలి కొసకి, ఎప్పుడూ గోడవైపు ఉండే అంచుకి వెళ్ళి అదే ముదురెరుపు మీద అంతే గట్టిగా రుద్దాను. గుడ్డ తెల్లగానే ఉంది! కాస్త మురికి అంతే. ఇంకోసారి రుద్దాను. తెలుపే. ఒకే రంగు, ఒకే తివాచీ, ఒక కొసన దిగుతుంది, ఇంకో కొసన దిగదు. మళ్ళీ ఇటు పరిగెత్తుకొచ్చి, ఈసారి మీగడరంగు పువ్వు మీద మాత్రమే, చూపుడువేలికి గుడ్డ చుట్టి, చుట్టుపక్కల ఎరుపుకి తగలకుండా రుద్దాను.

ఎర్రగా వచ్చింది.

తెల్లటి ఉన్నిలోంచి ఎర్రరంగు ఎలా దిగుతుంది? హెడ్‌ఫోన్లో ఎవరో నా పేరు పిలుస్తున్నారు, 'నెట్‌వర్క్ ప్రాబ్లమ్' అని టైపు చేసి, గుడ్డ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను.

"అమ్మా, ఇది చూడు! తెల్లపువ్వులోంచి వచ్చింది ఇది, తెల్లపువ్వులోంచి!"

ఆవిడ పులిహోరకి నిమ్మకాయలు కోస్తోంది. "ఎందుకే ఇంకా దాంతో..." అంటూనే, ఆ ఎర్ర మరకని మొదటిసారి సరిగ్గా చూసింది. చెయ్యి తుడుచుకుంది. గుడ్డని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది. బొటనవేలితో నలిపింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవిడ కళ్ళు చిన్నవై, పెద్దవయ్యాయి.

"ఇది తివాచీ రంగు కాదే. పారాణి."

"ఏంటి?"

"ఆ నిమ్మచెక్క ఇలా ఇయ్యి."

గుడ్డమీద ఎర్రటి మరక మీద నిమ్మచెక్క పిండింది. నా కళ్ళముందే, రసం పడ్డ మేరకు, ఆ ఎరుపు పచ్చగా మారిపోయింది. పచ్చటి పసుపు!

ఇక్కడ పసుపు గురించి తెలుగిళ్ళలో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పడితే మళ్ళీ పచ్చబడుతుంది. ఇక మా అమ్మ పేరంటాల సంగతి. మోకాళ్ళ నొప్పులతో అపార్ట్‌మెంట్ ఆంటీలెవరూ కింద కూర్చోలేరు. వాళ్ళందర్నీ సోఫాల్లోనూ కుర్చీల్లోనూ వరసగా కూర్చోబెట్టి, పాదాలు తివాచీ అంచుమీద పెట్టించి, ఒక్కొక్కరి కాళ్ళకీ తనే పసుపు రాసేది. రాసిన తడికాళ్ళతోనే వాళ్ళు లేచి తాంబూలాలు అందుకునేవాళ్ళు. ఏళ్ళతరబడి శ్రావణ శుక్రవారాలు. మొన్న మూడు నెలల కిందటి శుక్రవారం కూడా. ఆ అంచు ఉన్ని వేళ్ళదాకా పసుపు తాగి కూర్చుంది. ఆ కుర్రాడు సరిగ్గా అక్కడే సబ్బునీళ్ళు పోసి రుద్దాడు. అతనికి పాపం తివాచీలు తెలుసు, పేరంటాలు తెలియవు. నాకు రెండూ తెలిసుండాలి, కానీ ఇన్నేళ్ళూ ఆ శుక్రవారాల్లో నేను ఆఫీసులోనే ఉన్నాను.

నేను అమ్మని గట్టిగా పట్టుకుని గిర్రున తిప్పేశాను. "వదలవే, చేతినిండా నిమ్మరసం" అని అరుస్తోంది గానీ నవ్వుతోంది. అది పాత నవ్వు కాదు.

వాచ్‌మన్‌ని పిలవలేదు. కానీ అమ్మ పట్టు అమ్మదే, తెలిసినవాళ్ళు చూసి చెప్పాలి, అదీ మామయ్య ముందు. అదృష్టమంటే ఇదేనేమో, మంగళవారం మా టీమ్ లంచ్‌కి రాయదుర్గంలో ఒక పెద్ద హోటల్‌కి వెళ్ళాం. లాబీలో ఒక మూల తెల్లగడ్డం పెద్దాయన నేలమీద కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, సూదితో తివాచీ చిరుగు అల్లుతున్నాడు. నేను ప్లేటు కూడా అందుకోకుండా వెళ్ళి ఆయన ఎదురుగా కూలబడ్డాను. సూటూ బూటూ వేసుకున్న మేనేజరు కంగారుగా వచ్చాడు, పొమ్మన్నాను.

రఫూ ఆయన పని. తండ్రీ తాతా కూడా పాతబస్తీలో ఇదే పని చేశారట. "ఇప్పుడు కాలీన్లు, గీ తివాచీలు, ఉన్న హోటళ్ళన్నీ ఇటే వచ్చినయి, నేను గూడ మెట్రో ఎక్కి ఇటే వస్తున్న" అన్నాడు. ఫోన్లో ఫోటోలు చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఫోన్ల చూసి చెప్పెటోని మాట నమ్మకుండ్రి అమ్మా. చెయ్యి వెట్టి చూడాలె. ఐతారం నాడు వస్త."

ఆదివారం వచ్చాడు. మా గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు యాప్‌లో ఫోటో తీయందే లోపలికి పంపం అంటే, "ఫోటో ఎందుకు, నేనే వచ్చిన గద" అని వాళ్ళతో వాదించుకుంటుంటే నేనే కిందికి పరిగెత్తి తీసుకొచ్చాను. పైన మామయ్య అప్పటికే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పసుపు సంగతి ఫోన్లో చెప్తే, "నువ్వూ మీ అమ్మా కలిసి ఏదైనా చెప్తారు" అని నవ్వాడు.

పెద్దాయన చెప్పులు బయట విడిచి, తివాచీ అంచున మోకాళ్ళమీద కూర్చుని, అరచేత్తో ఒకసారి ఇటు నిమిరాడు, ఒకసారి అటు నిమిరాడు. ఒక మూల మడిచి వెనక చూశాడు. నూగుని రెండు బొటనవేళ్ళతో పాయ తీసి, అడుగున ముడిని చూశాడు. తర్వాత పసుపు పట్టిన అంచు దగ్గరికొచ్చి ఆగాడు.

"గీడ సబ్బు వోసింది ఎవరు?"

నేను చెప్పాను. పసుపు గురించి కూడా.

"ఉన్నికి సబ్బుపొడి ఏస్తరా ఎవరన్నా? ఉత్త నీళ్ళతోని చూడాలె" అని విసుక్కున్నాడు. తన సంచిలోంచి గుడ్డ తీసి ఉత్త నీళ్ళలో తడిపి మధ్యలో ఎరుపు మీద ఒత్తాడు, నీలం మీద ఒత్తాడు. గుడ్డ తెల్లగా వచ్చింది. దాన్ని మామయ్య చేతికిచ్చాడు. "పట్టుకోండ్రి సార్."

అమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"గిది మిషన్‌ది కాదు. ఇరాన్‌ల ఊరోళ్ళు ఇంట్ల అల్లుకున్నది. ఏ ఊరో నేను చెప్ప, గంత ఇల్మ్ నాకు లేదు. గని అసల్‌ది. ఫికర్ చెయ్యకుండ్రి."

నేను కేక పెట్టాను. నిజంగానే, కింది ఫ్లాట్‌వాళ్ళు మర్నాడు లిఫ్టులో అడిగేంత గట్టిగా. మామయ్య చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని, వదలకుండా, "మరి ఆ నీలం సంగతేంటండీ? మధ్యలో రంగు మారిపోయింది కదా. అసలుదైతే డిఫెక్ట్ ఎందుకుంటుంది?" అన్నాడు.

పెద్దాయన ఆ గీతమీద వేలు పెట్టాడు. ముప్ఫై ఏళ్ళ కిందట మామయ్య పెట్టిన చోటే. "గిదా? గీడికి అల్లినామె రంగేసిన ఉన్ని ఒడిసింది. మళ్ళ కాగు వెట్టి రంగేసింది. చేత్తోని ఏస్తె ఎన్నడు ఒక్క తీరు రాదు. మిషన్‌లనైతె మారదు. గిది ఎబ్ కాదు సార్, తప్పు కాదు, గిదే దాని గవాహి, దాని సాక్ష్యం."

"నేనది చూసే కొన్నాను."

అందరం గుమ్మం వైపు తిరిగాం. అమ్మ గొంతు పెంచలేదు. మెల్లగా వచ్చి తివాచీ పక్కన నిలబడింది. "నేను పెరిగింది చీరాల దగ్గర, మగ్గాల వీధిలో. రంగుల కాగులు మా అరుగు ముందే ఉడికేవి. మొదటి కాగులో వచ్చిన నీలం రెండో కాగులో రాదు, ఎంత కొలిచి వేసినా రాదు. ఆ ఇంట్లో దీన్ని విప్పగానే ఈ గీత కనపడింది. ఇది ఎవరో మనిషి కూర్చుని నేసింది, మధ్యలో నూలు అయిపోయి మళ్ళీ పొయ్యి వెలిగించుకుంది అనుకున్నాను. వదిలి రాబుద్ధి కాలేదు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం అక్కయ్యా?" అన్నాడు మామయ్య. ఆయన గొంతులో వెక్కిరింత లేదు.

"ఎంతకి కొన్నావని అడిగారు. ఎందుకు కొన్నావని ఎవరడిగారురా? నువ్వూ ఆ వీధిలోనే పెరిగావుగా, నీకూ తెలుస్తుందేమోనని మొదట్లో కొన్నాళ్ళు చూశాను."

మామయ్య ఆ తెల్లగుడ్డని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. నేనూ ముప్ఫై ఏళ్ళుగా ఆ గీతని చూస్తున్నాను, దాని పక్కనే కూర్చుని హోంవర్కు చేసుకున్నాను. అడగాలని ఒక్కసారి తోచలేదు.

పెద్దాయనకి ఇదంతా పట్టలేదు. అమ్మ ఇచ్చిన టీ ఊదుకుంటూ, "పసుపు ఫికర్ లేదమ్మా, రెండు దినాలు ఎండల ఎయ్యిండ్రి, పోతది" అన్నాడు.

"ఉండనివ్వండి" అంది అమ్మ. "ఎంతమంది కాళ్ళో అవి."

ఆ సాయంత్రమే దాన్ని కొత్త ఫ్లాట్‌కి తీసుకెళ్ళాం. చుట్టని ఒక కొస నేనూ ఇంకో కొస మామయ్యా పట్టుకున్నాం, లిఫ్టులో పట్టకపోతే ఆయనే నిలువుగా భుజానికెత్తుకున్నాడు. ఇంకా సామాన్లు రాని హాలు. ఖాళీ నేలమీద విప్పగానే పడమటి ఎండ పడి, రెండు నీలాలూ విడివిడిగా మెరిశాయి. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, వేశాను కూడా.

"అమ్మా, ఎటు వేద్దాం? కిటికీ వైపా, టీవీ వైపా?" అని అడిగాను. అలవాటుకొద్దీ జవాబు వినకుండానే కిటికీ వైపు లాగడం మొదలుపెట్టాను.

"ఆగు" అంది అమ్మ.

ఆవిడ తివాచీ వైపు చూడట్లేదు. నేను ఎంచి, రెండు కోట్లు వేయించి, ఫోటోలు తీసి మా ఆయనకి పంపించిన గోడ వైపు చూస్తోంది.

"ఆ బూడిదరంగు నాకు మొదటిరోజు నుంచీ నచ్చలేదు. ఇంట్లోకి రాగానే మబ్బు పట్టినట్టుంది. తీయించేసి మీగడరంగు వేయించు. తర్వాత తివాచీ ఎటో చెప్తాను."

మామయ్య ఏదో అనబోయి నోరు తెరిచాడు. నావైపు చూశాడు, తివాచీ వైపు చూశాడు, నోరు మూసుకున్నాడు.

నేను పెయింటర్‌కి ఫోన్ చేశాను.